దారి పొడుగునా పంచిన బెల్లం

మొన్న ఆదివారం మా తోడికోడలి కూతురూ, అల్లుడూ కొత్త కారు వేసుకుని మా ఇంటికి వచ్చారు. కారు అద్దం మీద పసుపు బొట్లు ఇంకా చెరిగిపోలేదు, అప్పుడే ఇద్దరికీ దేశం చుట్టి రావాలని బుద్ధి పుట్టిందట. నెల రోజులు సెలవు పెట్టి, అనకాపల్లిలో బయల్దేరి హిమాలయాల దాకా వెళ్ళి, మళ్ళీ అనకాపల్లిలోనే దిగుతారట. మా ఇంటావంటా అలాంటి పని చేసినవాళ్ళం నేనూ మా ఆయనే కనక, ఏ దారిన వెళ్ళాలి, ఏమేం పట్టుకెళ్ళాలి అని అడిగి తెలుసుకుందామని వచ్చారు. నేను కూడా ఉత్సాహంగానే చెప్పాను. చింతపండు ఉప్పు వేసి పిసికి ఉండలు కట్టుకోమన్నాను, నీళ్ళ డబ్బాలు రెండు పెట్టుకోమన్నాను, ఘాటీ ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్న మనిషి నిద్రపోకూడదన్నాను. పిల్ల అదంతా ఫోనులో టకటకా కొట్టుకుంది.

అంతా అయ్యాక ఫోను పక్కన పెట్టి, "పెద్దమ్మా, అంత దేశం తిరిగొచ్చేరు కదా, అన్నిట్లోకీ మీకేటి నచ్చింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు వాలుకుర్చీలోంచి మా ఆయన అందుకున్నారు. ఈ మధ్య ఆయనకు వినికిడి తగ్గింది, కూరలో ఉప్పు చాలిందా అని మూడుసార్లు అడిగితే గాని వినబడదు, ఈ ప్రశ్న మాత్రం చక్కగా వినబడింది. "ఇంటికి రావడమేనమ్మా" అన్నారు.

పిల్లలిద్దరూ ఆ మాటకు మురిసిపోయారు. నేను టీ పెడతానని లేచి వంటింట్లోకి వచ్చి, పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అలాగే నిలబడిపోయాను. ఇంటికి రావడమట! పన్నెండేళ్ళయింది ఆ ప్రయాణం చేసి. ఈ పన్నెండేళ్ళలో ఆ మాట నేను ఏ రోజూ అనుకోలేదు. నా ఈడు ఆడవాళ్ళు చదివితే వాళ్ళకైనా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది బెల్లం ఇల్లు. రావికమతం వైపు ఊళ్ళల్లో మా నాన్న పాకం చూడటంలో పేరున్న మనిషి. పక్క ఊరి గానుగల వాళ్ళు కూడా మొదటి పెనం దింపేరోజు ఆయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. చెరకు రసం పెనంలో కాగి, మడ్డి తీసేసి, చిక్కబడి, బుడగలు పెద్దవై మెల్లగా పేలడం మొదలయ్యాక, కాస్త పాకం నీళ్ళలో వేసి వేళ్ళ మధ్య ఉండ చేసి చూడాలి. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం దిమ్మ జారిపోతుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన వస్తుంది. ఆ నిమిషం ఏదో పట్టుకోవడమే విద్య. మా అన్నదమ్ములకు ఆ పొయ్యి దగ్గర కూర్చునే ఓపిక లేదు, నాకు ఉండేది. బడి అయ్యాక పుస్తకాలు గానుగ పాక గుంజకు తగిలించి నాన్న పక్కన కూర్చునేదాన్ని. పదో తరగతి అయ్యేనాటికి ఆయన నీళ్ళ గిన్నె నా ముందుకు జరిపి, "నువ్వే సూడు" అని తాను చుట్ట కాల్చుకునేవాడు. చివరి రోజుల్లో తన పెనాన్ని కొడుకులకు కాకుండా నాకే ఇచ్చాడు. నలుగురు మనుషులు మోస్తే గాని కదలని ఆ ఇనుప పెనం ట్రాక్టరు మీద మా అత్తవారి పొలానికి వచ్చినప్పుడు, కోడలు పాకం చూడటమేమిటని ఊళ్ళో ఒక ఏడాది నవ్వుకున్నారు. ఆ ఏడు మా దిమ్మలు చూశాక మానేశారు.

నాన్నకు ఒక అలవాటు ఉండేది. ఎంత దూరం వెళ్ళివచ్చినా ముందు ఇంటికి వచ్చేవాడు కాదు. తిన్నగా గానుగ పాకకు వెళ్ళి, పెనం అంచు మీద అరచెయ్యి ఆనించి, ఆ తరవాతే ఇంటి గడప ఎక్కేవాడు. గానుగ ఆడని రోజుల్లో పెనం బోర్లించి ఉన్నా సరే, వాన కురుస్తున్నా సరే. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. పెనంతో పాటు ఆ అలవాటు కూడా నాకు వచ్చింది. పెళ్ళికి వెళ్ళివచ్చినా, ఆస్పత్రిలో వారం రోజులుండి వచ్చినా, చేతిలో సంచి దించకుండానే పాకకు వెళ్ళి పెనాన్ని ముట్టుకునేదాన్ని. మా ఆయన మొదట్లో ఆటపట్టించేవారు, తరవాత తరవాత నేను అడక్కుండానే బండి పాక దగ్గర ఆపేవారు.

కాలం మారుతోందని నాకు తెలియక కాదు. చెరకు కొట్టే మనుషులు దొరకడం కష్టమైపోయింది. గానుగ ఇంజను రోజు విడిచి రోజు మొరాయించేది. మార్కెట్టుకు వెళితే పచ్చగా మెరిసే దిమ్మల చుట్టూ కొనేవాళ్ళు మూగేవారు, రంగు కోసం కలిపే మందు నేను కలపనివ్వను కనక మా దిమ్మలు నల్లగా ఓ మూల కూర్చునేవి. మా ఆయన సాయంత్రం దాకా అక్కడే కాపలా కాసి ముఖం వేలాడేసుకుని వచ్చేవారు. నడుం నొప్పి అనేవారు, నిద్ర పట్టడం లేదనేవారు. చుట్టుపక్కల రైతులు ఒక్కొక్కరే చెరకు తీసేసి సరుగుడు మొక్కలు పెట్టుకుంటున్నారు. ఒకసారి పెడితే నాలుగైదేళ్ళు చూడక్కర్లేదు, మనుషులక్కర్లేదు, చెట్లు పెరిగాక లారీ వాళ్ళే వచ్చి కొట్టుకుపోతారు. ఆ మాట మా ఇంట్లో వచ్చినప్పుడల్లా నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇది నా తప్పే, ఒప్పుకుంటాను.

ఆ ఏడు ఆఖరి పెనం దింపిన రోజు నాకు బాగా గుర్తు. ఎండ మండిపోతోంది, పొయ్యిలో చెరకు పిప్పి వేసే మనిషి సగంలో వెళ్ళిపోయాడు, నాకు చిరాకెత్తిపోయింది. పాకం దించేసి, చెమట తుడుచుకుంటూ, "అమ్మయ్య, ఈ ఏటికి పీడా ఒదిలింది" అన్నాను. మా ఆయన నా వంక అదోలా చూశారు. అలసిపోయారనుకున్నాను.

ఉగాది వెళ్ళిన నాలుగు రోజులకు, భోజనం చేస్తూ చేస్తూ ఆయన "నీకు మంచు సూపిత్తాను, పద" అన్నారు. పెళ్ళయిన కొత్తలో ఒక క్యాలెండరు మీద మంచుకొండ బొమ్మ చూసి, ఇది నిజంగా ఉంటుందా అని అడిగానట. నాకే గుర్తు లేదు ఆ మాట. ముప్పై ఏళ్ళు ఆయన గుర్తుపెట్టుకున్నారు. ఏ ఆడదానికైనా కళ్ళు చెమర్చవూ? నాకూ చెమర్చాయి.

మార్కెట్టుకు బెల్లం దించే మా చిన్న లగేజీ బండినే ఆయన పది రోజులు కష్టపడి ఇల్లులా తయారుచేశారు. వెనక ఇనుప కమ్మీలు వంచి టార్పాలిన్ కప్పారు, బల్ల వేశారు, బల్ల కింద గ్యాసు పొయ్యీ, బియ్యం, పచ్చడి జాడీలూ సర్దాం. ఆఖరి పెనంలో ఇంటికని ఉంచుకున్న రెండు దిమ్మలు గోనెలో చుట్టి నేనే ఎక్కించాను. భాష రాని చోట డబ్బిస్తే పని జరుగుతుంది గాని మనిషి నవ్వడు, బెల్లం ముక్క చేతిలో పెడితే నవ్వుతాడు. ఇది కూడా మా నాన్న దగ్గర నేర్చుకున్నదే. బయల్దేరేరోజు కార్సి తోట, అంటే కొట్టిన చెరకు మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన తోట, మోకాలెత్తు ఉంది. కలుపు తీయించమని మా తోడికోడలికి పదిసార్లు చెప్పి బండి ఎక్కాను.

సాలూరు ఘాటీ ఎక్కి, రాయపూరు మీదుగా వెళ్ళాం. ఆ ప్రయాణం గురించి రాయాలంటే ఎంతైనా రాయవచ్చు. రాయపూరు దాటాక టైరు పంచరైతే బాగుచేసిన ముసలాయనకు ముక్క పెట్టాను, ఆయన దాన్ని ముందు కళ్ళకద్దుకుని తరవాత నోట్లో వేసుకున్నాడు. ఒక ఊళ్ళో దండెం కట్టుకోవడానికి చోటిచ్చిన ఇల్లాలికి పెట్టాను, ఆవిడ తిరిగి నాకు ఎండుమిరపకాయల దండ ఇచ్చింది. నేను వెనక కూర్చుని సుత్తితో దిమ్మ కొట్టడం, ముక్కలు గుడ్డలో మూటకట్టుకోవడం, బండి ఆగిన చోటల్లా పంచడం. మా ఆయన అప్పుడప్పుడు, "కాత్త ఉంచవే మనకి" అనేవారు. పెద్ద పిసినారి అయిపోయారే ఈ వయసులో అని వెక్కిరించేదాన్ని.

ఆగ్రా దాటి ఇంకా పైకి వెళ్ళాక, దారికి రెండువైపులా మళ్ళీ చెరకు కనిపించింది. నాకు పుట్టింటికి వచ్చినట్టయింది. ఒక చోట పొగ చూసి బండి ఆపించి దిగాను. అక్కడా గానుగే, ఏడాదిలో ఆఖరి రోజులట. ఒకే మంట మీద వరసగా మూడు పెనాలు పెట్టి, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి రసం తోడుతున్నారు. పాకం చూసే పెద్దాయనకు నా భాష రాదు, నాకు ఆయన భాష రాదు. నేను నీళ్ళ గిన్నె వైపు చెయ్యి చూపించి, నా వేళ్ళు చూపించాను. ఆయన ఒక్క క్షణం నా వేళ్ళ మీది పాత కాలిన మచ్చలు చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ రోజు ఆ పెనం నేనే దింపాను. ముఖం కడుక్కుని వచ్చి మా ఆయనతో, మన పాకలో కూడా ఇలా మూడు పెనాల పొయ్యి కట్టిద్దాం, పిప్పి సగం మిగులుతుంది, కార్తీకానికల్లా తయారవుతుంది అని గలగలా చెప్పుకుపోయాను. ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడి "ఊ" అన్నారు.

దానికి ముందు ఆగ్రాలో కూడా ఒకటి జరిగింది. తెల్లరాతి మేడ చూసి బయటికి వచ్చి గడ్డిలో కూర్చున్నాం. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, నలుగురిలో అలా ఎప్పుడూ పట్టుకోని మనిషి. "నీతో ఒక మాట" అన్నారు. "ఏటి?" అన్నాను. చెయ్యి వదిలేసి, "ఏటీ లేదు, టీ తాగుదామా?" అన్నారు. నేను సిగ్గుపడ్డాను, నిజం చెబుతున్నాను. ఏదో ప్రేమగా అనబోయి ఆగిపోయారనుకున్నాను.

నాలుగు రోజులకోసారి మా తోడికోడలికి ఫోను చేసేదాన్ని. తోట ఎలా ఉందంటే, "బాగుంది అక్కా, మీరేటీ బెంగెట్టుకోకండి" అనేది. ఆ వెంటనే, "బావగారేటన్నా సెప్పేరా?" అనేది. ప్రతిసారీ అదే ప్రశ్న. తన కూతురి చదువుకు ఆయన సాయం చేస్తానని ఏమైనా అన్నారేమో, నా ద్వారా కదుపుతోందేమో అనుకుని, అడిగి చూస్తాలే అనేదాన్ని. ఆ మాటకు ఫోను పెట్టేసేది.

మంచు చూశాను. చేత్తో ముట్టుకున్నాను, అరచేతిలో ఉండ చేశాను, పాకం ఉండ చేసినట్టే. మా ఆయన చంటిపిల్లాడిలా నవ్వారు. ఆ కొండ ఊళ్ళో పది రోజులున్నాం, అవి మా పెళ్ళయిన కొత్తలో కూడా లేని రోజులు. పొద్దున్నే ఆయనే టీ కాచి నాకు అందించేవారు, మధ్యాహ్నం ఎండలో కూర్చుంటే నా పాదాలకు నూనె రాసేవారు. ఇంత మంచి మనిషితో ముప్పై ఏళ్ళు పాకాల గొడవలో పడి సరిగ్గా మాట్లాడనైనా లేదే అని నాలో నేనే నొచ్చుకున్నాను.

తిరుగు ప్రయాణం రాజస్థాన్ మీదుగా. వెళ్ళేటప్పుడు ఉన్న హుషారు బండికి లేదు. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంజను వేడెక్కిందని ఆపేసేవారు. ఈ ఊళ్ళో రెండు రోజులు, ఆ ఊళ్ళో మూడు రోజులు. నాకేమో వానలు పడిపోతాయి, గాలికి పడిపోకుండా తోటకు జడ చుట్టాలి, పాక కప్పు నేయించాలి అని ఒకటే తొందర. ఇంటికి వెళదామండీ అంటే, "ఇల్లెక్కడికి పోతాది" అనేవారు.

హైదరాబాదు దాటి విజయవాడ దారిలో మళ్ళీ బండి ఆగింది. చెట్టు కింద మామిడికాయలు అమ్ముకుంటున్న ఒక ముసలమ్మ తన కుండలో నీళ్ళు ఇంజనుకు పోయమని ఇచ్చేసింది, అవి ఆమె తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు. నా మూటలో ఒక్క ముక్కే మిగిలింది, పిడికెడంత. అది ఆమె చేతిలో పెట్టబోతుంటే మా ఆయన, "అది వద్దే, ఉంచవే" అన్నారు. "రేపు కార్తీకంలో గానుగ ఆడితే దిమ్మలకు దిమ్మలే కదండీ, ఏటీ ఇదీ!" అని నవ్వి, ఇచ్చేశాను. ఆయన వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు.

మేము మా ఊరి మలుపు తిరిగేటప్పటికి పొద్దున పది గంటలు. సన్నగా జల్లు పడుతోంది. ఆ మలుపులో ముందు మా పాక పొగగొట్టం కనబడాలి. కనబడలేదు. నిద్రలేమి వల్ల వేరే దారి పట్టామేమో అనుకున్నాను. పక్కన పంపుసెట్టు గది ఉంది, మా మరిది గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు, దారి అదే. బండి నెమ్మదించకపోతే, పాక దగ్గర ఆపరేం అన్నాను. ఆయన ఆపారు గాని ఇంజను కట్టేయలేదు, తల కూడా తిప్పలేదు.

దిగి చూస్తే దున్నేసిన నేల. మోకాలెత్తు వదిలి వెళ్ళిన నా కార్సి తోట ఎండిన మోళ్ళై గట్టు మీద పోగు పడి ఉంది. చాళ్ళల్లో జానెడు జానెడు సరుగుడు మొక్కలు, వానకు తడిసి, ఇంకా సరిగ్గా నిలబడడం కూడా రాని మొక్కలు. పాక లేదు. గానుగ లేదు. పొయ్యి ఉన్న చోట నల్లటి మట్టి గుండ్రంగా ఉంది, దాంట్లో కూడా మొక్కలు నాటేశారు. నేను చెయ్యి చాపుకుని నడుస్తూ పోయాను, పెనం అంచు కోసం. ఎక్కడని ఆనిస్తాను?

మరిది నా దగ్గరికి వచ్చి గొడుగు నా నెత్తి మీద పట్టాడు. "పెనమేదీ?" అన్నాను. పాత ఇనుము వాళ్ళకు ఎత్తడం కుదరక అక్కడికక్కడే రెండు చెక్కలుగా కోసి పట్టుకెళ్ళారని చెప్పి, నా ముఖం చూసి కంగారుపడిపోయి, "అన్నియ్య దార్లో సెప్తానన్నాడు వదినా! నీకు తెలుసనుకున్నాను" అన్నాడు.

దారిలో చెబుతానన్నారట. రెండు నెలల పైన, ఇన్ని రాష్ట్రాలు, పొద్దస్తమానం పక్కపక్కన కూర్చుని, ఒక చెంబులో నీళ్ళు తాగి, ఒక కంచంలో తిని. చెప్పలేదు. పైగా ఆ పని మేము లేనప్పుడు చెయ్యమని వేరెవరో చెప్పింది కాదు, తానే మొక్కలకు చెప్పి, తానే దుక్కికి మనిషిని కుదిర్చి, అప్పుడు నాకు మంచు చూపిస్తానన్నారు. ఊరందరికీ తెలుసు. మేము బయల్దేరిన రోజు వీధిలో నిలబడి చేతులూపిన ప్రతి మనిషికీ తెలుసు. బావగారేటన్నా సెప్పేరా అని అడిగిన మా తోడికోడలికీ తెలుసు. బండిలో ఇద్దరం వెళ్ళాం, తెలియనిది ఒక్కదాన్ని నేనే.

ఇంటికి వచ్చాక అడిగాను. అరవలేదు, ఏడవలేదు. ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను. "సెప్తే ఒప్పుకుంతావా నువ్వు?" అన్నారు. చెప్పి చూశారా అన్నాను. "నీ మొకం సూసి నోరు రాలేదే. ఆగ్రాలో సెప్దామనుకున్నాను, మంచు కాడ సెప్దామనుకున్నాను. నువ్వు నవ్వుతుంతే సెప్పలేకపోయేను" అన్నారు.

మీలో కొందరు అనుకోవచ్చు, పోనీ పాపం, ఆయన చేసింది తప్పేముంది, చెరకు గిట్టదు, ఆయన నడుం వంగిపోయింది, ఆ మాత్రం అర్థం చేసుకోలేవా అని. చేసుకున్నాను. కూర్చోబెట్టి చెప్పి ఉంటే వారం రోజులు ఏడ్చి, అన్నం మానేసి, ఆఖరికి సరే అనేదాన్ని. కాని ఆఖరి పెనం ఆఖరిదని తెలిసి దింపేదాన్ని. పీడా ఒదిలిందని అనేదాన్ని కాదు. పెనాన్ని కడిగి, పసుపు రాసి, దాని అంచు మీద చెయ్యి వేసి, మా నాన్నకు ఓ మాట చెప్పుకుని పంపించేదాన్ని. నాకు అదొక్కటీ కావాలి. పొలం ఆయనది, నిర్ణయం ఆయనది, అంతవరకూ ఏదో సర్దుకున్నాను. ఆ వీడ్కోలు నాది, దాన్ని నా దగ్గర లాక్కున్నారు.

ఆ తరవాత నెలల తరబడి ఆ ప్రయాణం మొత్తం నా మనసులో మళ్ళీ చేశాను, ఈసారి ఊళ్ళను చూడలేదు, ఆయన ముఖం చూశాను. ఆగ్రా గడ్డిలో నా చెయ్యి పట్టుకున్నది ప్రేమతో కాదు, చెప్పలేక. మంచు ఊళ్ళో టీ కాచి ఇచ్చింది తప్పు చేసిన మనిషి. ఇంజను వేడెక్కలేదు, ఆయనకు ఇంటికి రావాలని లేదు. మూడు పెనాల గురించి నేను వాగుతుంటే, అక్కడ మా పెనం అప్పటికే ముక్కలైందో, కావడానికి సిద్ధంగా ఉందో. ఇలా ఒక్కొక్క ఊరూ నా చేతిలోంచి జారిపోయింది. ఇప్పటికీ ఎవరైనా మంచు ఎలా ఉంటుందని అడిగితే చల్లగా ఉంటుందని చెప్పి ఊరుకుంటాను. నా జీవితంలో మంచి రోజులేవని అడిగితే చెప్పడానికి అవే ఉన్నాయి, అవీ ఇలాంటివి.

మాటలు మానలేదు, వంట మానలేదు. జ్వరం వస్తే పక్కన కూర్చున్నాను, నాకు కాలు విరిగితే ఆయన కూర్చున్నారు. ఆ బండి మాత్రం మళ్ళీ ఎక్కలేదు. చాన్నాళ్ళు అది రేకుల కింద అలాగే తుప్పు పట్టింది. ఆరేళ్ళ కిందట దాన్ని తీసుకుపోవడానికి మనుషులు వస్తే, లోపల ఏమైనా మిగిలాయేమో చూడమని ఆయన నన్నే పంపించారు. పాపం, మరిచిపోయి ఉంటారు. డ్రైవరు సీటు వెనక పానాల పెట్టె ఉంటుంది. దాని అడుగున, ఆయన పాత తువ్వాలు చెరగు చింపి కట్టిన మూట. విప్పితే బెల్లం. నా చేతి బెల్లమే, వాసన చూడక్కర్లేదు. కరిగి, గట్టిపడి, నల్లగా బొగ్గులా అయిపోయింది.

బయల్దేరిన కొత్తలోనే ఎప్పుడో నేను కొడుతున్నప్పుడు ఒక ముక్క తీసి దాచుకున్నారన్నమాట. అది ఆఖరి బెల్లమని ఆయనకు తెలుసు కనక. నేను నవ్వుతూ ఊరూవాడా పంచుతుంటే, తన సీటు వెనక తన ముక్క భద్రంగా ఉందని తెలిసే బండి నడిపారు. ఆ రోజు నాకు వచ్చినంత కోపం సరుగుడు మొక్కలు చూసినప్పుడు కూడా రాలేదు. ఆయన బెంగ పెట్టుకున్నారు, వీడ్కోలు చెప్పుకున్నారు, గుర్తుగా దాచుకున్నారు, అన్నీ ఒంటరిగా, నా పక్కనే కూర్చుని. ఆ మూట తెచ్చి చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, వంటింటి అటక మీద పప్పుల డబ్బాల వెనక ఉంచాను. ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ సరుగుడు మూడోసారి పెరుగుతోంది. గాలి వీస్తే హోరుమంటుంది, రాంబిల్లి వైపు సముద్రం ఒడ్డున నిలబడినట్టు ఉంటుంది. పొయ్యి ఉన్న చోట మాత్రం మొక్క బతకలేదు, ఎన్నిసార్లు నాటినా మాడిపోయింది, అక్కడొక గుండ్రటి ఖాళీ మిగిలిపోయింది. చలికాలం పొద్దున్నే ఊళ్ళ మీద పరుచుకునే ఆ తియ్యటి పొగ ఇప్పుడు లేదు. ఇంటి ముందు ఆగిన ఏ అతిథికైనా అరచేతిలో వేడి బెల్లం పెట్టే రోజులు పోయాయి, బిస్కెట్లు పెడుతున్నాం. మా ఊరి పిల్లలు బెల్లం పొడి ప్యాకెట్టు మీద అనకాపల్లి పేరు చూసి ఆశ్చర్యపోతున్నారు. ఇవన్నీ పోతాయి, కాలం వచ్చినప్పుడు ఏదైనా పోతుంది. పోతున్నప్పుడు ఇంట్లో మనిషితో ఒక మాట చెప్పే అలవాటు కూడా పోయిందేమో అని నా బాధ.

మొన్న పిల్లలు టీ తాగి లేచాక, కారు దగ్గర ఆ పిల్ల నన్ను పట్టుకుని, "ఇంకేటన్నా పట్టుకెళ్ళమంతావా పెద్దమ్మా?" అంది. బెల్లం పట్టుకెళ్ళండమ్మా, నల్లటిది ఎక్కడైనా దొరికితే, దారిలో అందరికీ పెట్టండి అన్నాను. ఒక ముక్క మిగుల్చుకుంటే ఇద్దరికీ తెలిసేలా మిగుల్చుకోండి అని కూడా అన్నాను. దానికి అర్థమవలేదు, నవ్వి కారెక్కింది.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, స్టూలు వేసుకుని, పప్పుల డబ్బాల వెనక నుంచి ఆ చిన్న డబ్బా దించాను. మూత తీశాను. ఇంటికి రావడమే బాగుందన్న మనిషి ముందు పెట్టి, ఇదేటో చెప్పండి అని అడుగుదామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. వాలుకుర్చీలో ఆయన వాకిలి వైపు చూస్తూ కూర్చున్నారు, చొక్కా మీద టీ మరక, చెవి దగ్గర తెల్ల వెంట్రుకలు. ఈ డబ్బాలో ఉన్నది ఆయన వాటా. నా వాటా నేను పేరు తెలియని వాళ్ళకు పంచేసి వచ్చాను. మూత పెట్టేశాను. ఆ చప్పుడు మాత్రం ఆయనకు వినబడినట్టుంది, తల తిప్పి, "ఏటే అది?" అన్నారు.

"ఏటీ లేదు" అన్నాను. "మరి కాత్త టీ తాగుతారా?"